నంది కొండ మెట్ల దారిలో ఈల వేసిన పిట్ట ఏది? ఆడియో, మసక ఫోటో పెట్టాను

సర్జాపూర్ శీను | ఆదివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇవాళ తెల్లవారకముందే బెంగళూరు దగ్గరి నంది కొండకు, అదే నంది హిల్స్‌కు, బయల్దేరాం. కింద చెక్‌పోస్ట్ దగ్గర కార్ల వరస చూసి గుండె జారిపోయి, సుల్తాన్‌పేట వైపు నుంచి మెట్ల దారిలో ఎక్కాం. సగం దూరం వచ్చాక కుడివైపు పొదల్లోంచి ఈల వినిపించింది. ముందు ఎవరో కుర్రాళ్లు వేస్తున్నారనుకున్నాం. మూడు స్వరాలు, కొంచెం ఆగి మళ్లీ అవే మూడు. మా ఆవిడకైతే "ఎవరదీ? ఎవరదీ?" అని అడుగుతున్నట్టే వినిపించిందట. కాసేపటికి వేరే పాట ఎత్తుకుంది. సన్నటి ఈల పైకి పోతూ, కిందికి దిగుతూ, చాలాసేపు సాగింది.

ఫోన్‌లో రికార్డు చేశాను, కింద పెట్టాను. ఫోటోలో గోధుమరంగు వీపు, ఛాతీ మీద చుక్కల్లాంటివి తప్ప ఏమీ తెలియడం లేదు. పిట్టల గొంతు విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఒకసారి మలబార్ విజిలింగ్ థ్రష్ అంది, రెండోసారి నోరు మూసుకుంది. ఇదేం పిట్టో చెప్పండి. పైన పార్కులో అంత పెద్ద చెట్లున్నాయి కదా, అక్కడ ఒక్కసారి కూడా ఎందుకు వినపడలేదో కూడా తెలిస్తే బాగుండు.

యలహంక రావు | ఆదివారం రాత్రి 9:05

విజిలింగ్ థ్రషే, సందేహం లేదు. నంది కొండ మీద అది ఎప్పటి నుంచో ఉంది. మనిషి ఈల అనుకున్నారంటే ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? వానలు మొదలయ్యాయి, దాని పాటల సీజన్ కూడా ఇదే.

మైసూర్‌పాక్ | ఆదివారం రాత్రి 9:11

పెద్ద నల్లంచి, అదే మ్యాగ్‌పై రాబిన్, అయ్యుంటుంది బ్రో. మా ఇంటి ముందు కరెంటు తీగ మీద కూర్చుని రకరకాల ఈలలు వేస్తుంది, వేరే పిట్టల గొంతులు కూడా తీస్తుంది.

తోకపిట్ట | ఆదివారం రాత్రి 9:48

శీను గారూ, పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇవి చెప్పండి. పాట ఎంత ఎత్తు నుంచి వచ్చింది, నేల నుంచా, పొద నుంచా, చెట్టు నుంచా? కింద ఎండుటాకులు ఉన్నాయా, బండరాయా? దగ్గర్లో నీళ్లు పారే చోటేమైనా ఉందా? ఫోటో తీసేటప్పుడు పిట్ట ఎగిరిందా, పొదలోకి నడిచిపోయిందా? ఒక్కటే ఉందా, జంటగా ఉందా?

సర్జాపూర్ శీను | ఆదివారం రాత్రి 10:20

మోకాలి ఎత్తు కూడా ఉండదండి, దాదాపు నేల మీద నుంచే వచ్చింది. అక్కడ దారి పక్కన చిన్న వంక లాంటిది ఉంది. నీళ్లు పారడం లేదు కానీ తడిగానే ఉంది. ముళ్లపొదలు, పైన చెట్ల నీడ, కింద చీలమండ దాకా ఎండుటాకులు. ముందు ఆకుల చప్పుడు విని ఎలుకో ఉడుతో అనుకున్నాం. పిట్ట ఎగరలేదు, వంగి పొద కిందికి జారుకుంది. ఇంకోటి దాని వెనకే ఉంది, అది ఫోటోలో పడలేదు.

పెన్నా తీరం | సోమవారం ఉదయం 6:55

ఫోటో వెలుతురు పెంచి చూశాను. ఛాతీ మీదున్నవి చుక్కలు కాదు, పైనుంచి కిందికి సాగిన గోధుమరంగు చారలు. కాళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. ఆలివ్-బ్యాక్డ్ పిపిట్ కూడా ఇలాగే ఉంటుంది, చెట్ల కింద నేల మీదే మేస్తుంది, నంది కొండకు ప్రతి చలికాలం వస్తుంది. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇంకో మాట. మా నెల్లూరు పెన్న ఆ నంది కొండల్లోనే పుడుతుంది. శీను గారు చూసిన ఆ తడి వంక నీళ్లు ఏ వైపు పోతాయో గానీ, నాకు మాత్రం చదవగానే ఊరు గుర్తొచ్చింది.

తోకపిట్ట | సోమవారం ఉదయం 8:30

పిపిట్‌ని తలచుకోవడం మంచి పనే, చారలు చూసి చాలామంది అక్కడే ఆగుతారు. కానీ ఇది జూన్. పిపిట్లు ఎండాకాలం ముదిరేలోపే హిమాలయాల వైపు, ఇంకా ఉత్తరానికి వెళ్లిపోతాయి. పైగా పిపిట్‌ని కదిలిస్తే లేచి చెట్టు కొమ్మ మీద వాలుతుంది, అక్కడ తోక ఊపుతూ కూర్చుంటుంది. శీను గారి పిట్ట పొద కిందికి దూరింది.

విజిలింగ్ థ్రష్ ఎందుకు కాదంటే, అది మైనా కంటే పెద్దది, నలుపు కలిసిన ముదురు నీలం. నుదుటి మీద, భుజాల మీద మెరిసే నీలం పట్టీ ఉంటుంది. ఛాతీ మీద తెల్లటి భాగమే ఉండదు, చారల ప్రశ్నే రాదు. దాని పాట కూడా మూడు స్వరాలను పట్టుకుని తిప్పదు. పనిలేని మనిషి ఏదో ఆలోచిస్తూ ఈల వేసుకున్నట్టు, ఎటో మొదలై ఎటో పోతుంది. నీళ్లు జారే బండల దగ్గర, తెల్లవారకముందే ఎక్కువగా పాడుతుంది. నల్లంచి అయితే ఎత్తైన చోటు వెతుక్కుని కూర్చుని పాడుతుంది, అందరికీ కనపడాలని దాని తాపత్రయం.

ఇది పఫ్-థ్రోటెడ్ బాబ్లర్. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ కాలం నాటి పుస్తకాల్లో స్పాటెడ్ బాబ్లర్ అని ఉంటుంది. 15 సెంటీమీటర్ల పిట్ట, అంటే పిచ్చుకకు కాస్త అటూ ఇటూ. నడినెత్తి ఇటుకరంగు, కంటి పైన లేత కనుబొమ్మ గీత, గొంతు తెలుపు. పాడేటప్పుడు ఆ గొంతు ఉబ్బుతుంది, పేరు అందుకే. ఛాతీ మీద, పక్కల మీద చారలు. మూడు స్వరాల ఈల, ఆరోహణ అవరోహణల పొడవాటి పాట, ఈ రెండూ దానివే. మీ ఆడియోలో రెండూ ఉన్నాయి, ఫోటోలో కాళ్లూ చారలూ ఉన్నాయి, పక్కన జోడు ఉంది. ఇంతకంటే ఏం కావాలి?

యలహంక రావు | సోమవారం ఉదయం 9:02

బాబ్లర్లంటే ఏడెనిమిది గుంపుగా తిరుగుతూ గొడవ చేసేవి కదండీ. మా లేఅవుట్‌లో రోజూ చూస్తాను. జంటగా తిరిగి పాట పాడే బాబ్లరా?

తోకపిట్ట | సోమవారం ఉదయం 9:40

మీరు చూసేవి ఎల్లో-బిల్డ్ బాబ్లర్లు, జంగిల్ బాబ్లర్లు. వాటి కుటుంబం వేరు, దీని కుటుంబం వేరు. ఒకప్పుడు అన్నిటినీ ఒకే గంపలో వేశారు, తర్వాత విడదీశారు. ఇది పెళ్లాం మొగుడు తప్ప మూడో మనిషిని రానివ్వని రకం రావు గారూ, గుంపు కట్టదు.

కోడింగ్ కోయిల | సోమవారం మధ్యాహ్నం 1:15

మెర్లిన్ ఎందుకు తడబడిందో నేను చెప్తాను. అది శబ్దాన్ని స్పెక్ట్రోగ్రామ్ బొమ్మగా మార్చి, ఆ బొమ్మను పోల్చుకుంటుంది. అడ్డంగా కాలం, నిలువుగా స్వరం ఎత్తు. శీను అన్న ఆడియోని నేను ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. మొదటి పది సెకన్లలో గాలి, మనుషుల మాటలు, ఎవరిదో వాటర్ బాటిల్ చప్పుడు. ఈల గీతలు వాటి మీద సన్నగా కనిపిస్తున్నాయి, అంతే. అంతలో యాప్‌కి "నంది కొండ, ఈల" అనే రెండు ఆధారాలే మిగిలాయేమో, థ్రష్ అని చెప్పేసింది. చివర్లో మీరందరూ మాట్లాడటం ఆపిన భాగాన్ని మాత్రమే కత్తిరించి మళ్లీ ఇస్తే పఫ్-థ్రోటెడ్ అనే చెప్పింది.

ఈసారి రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మైక్ ఉన్న అంచును పిట్ట వైపు తిప్పండి, వేలు అడ్డం పెట్టకండి. కాళ్లు కదపకుండా ఒక నిమిషం నిలబడండి, చొక్కా రాపిడి కూడా పడుతుంది. కుదిరితే వేవ్ ఫార్మాట్‌లో సేవ్ చేయండి. వాట్సాప్‌లో పంపిన ఆడియో నలిగిపోయి వస్తుంది, దాన్ని మళ్లీ యాప్‌కి ఇచ్చి లాభం లేదు. పోల్చుకోవడానికి జీనో-కాంటో సైట్ ఉంది, 2005 నుంచి ప్రపంచం నలుమూలల వాళ్లు పిట్టల గొంతులు అందులో పెడుతున్నారు. మన దక్షిణాది రికార్డులే ఎంచుకుని వినండి. ఇదే పిట్ట థాయ్‌లాండ్‌లోనూ ఉంటుంది, ఆ పాటలు విని మన పిట్టను తేల్చబోతే తికమక పడతారు.

మైసూర్‌పాక్ | సోమవారం మధ్యాహ్నం 1:32

అయితే వచ్చే వారం బ్లూటూత్ స్పీకర్ తీసుకెళ్లి దాని పాటే పెడితే బయటికొస్తుంది కదా, మంచి ఫోటో వస్తుంది.

వేదిక నిర్వాహకురాలు | సోమవారం మధ్యాహ్నం 2:05

ఆ పని మాత్రం చేయకండి. ఇది గూడు కట్టే కాలం. తన జాగాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని, తిండి వెతకడం మానేసి స్పీకర్ చుట్టూ తిరుగుతుంది. ఆదివారం ఆ దారిలో ఎంతమంది ఎక్కుతారో మీకూ తెలుసు, అందరూ స్పీకర్లు పెడితే దాని గతి ఏంటి? ఈ వేదికలో గూళ్ల ఫోటోలు, గూడు ఉన్న కచ్చితమైన చోటు కూడా పెట్టనివ్వం.

హిందూపురం బుల్లోడు | సోమవారం సాయంత్రం 6:20

శీను అన్న రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. నేను నంది కొండకు ఎప్పుడు వెళ్లినా బండల వాలు మీద ఎల్లో-థ్రోటెడ్ బుల్‌బుల్ కోసమే వెళ్తాను. అది మా అనంతపురం వైపు గుట్టల్లో కూడా ఉంటుంది, హార్స్‌లీ హిల్స్‌లోనూ ఉంటుంది. రాళ్లూ ముళ్లపొదలూ ఉంటే చాలు దానికి. పైన చెట్లలోనేమో నీల్‌గిరి వుడ్ పిజియన్ కనిపిస్తుంది, అది పడమటి కనుమల పావురం. ఒకే కొండ మీద ఇన్ని రకాలు పక్కపక్కనే ఎలా ఉంటున్నాయి?

మదనపల్లె మాష్టారు | సోమవారం రాత్రి 9:30

బాబూ, దీనికి కాస్త పెద్ద జవాబే రాయాలి. నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి, పిట్టల పేర్ల దగ్గర నాకంటే తోకపిట్ట గారే నయం. కానీ ఆ కొండ నేల నాకు తెలుసు.

నంది కొండ శిఖరం 1,478 మీటర్లు. చుట్టూ ఉన్న మైదానం దాదాపు తొమ్మిది వందల మీటర్ల దగ్గర ఉంటుంది. అంత నిటారుగా లేచిన కొండకు మబ్బు తగిలి, తడి చెట్ల మీద పడుతుంది. కొమ్మలకు నాచు, బదనికల్లా కొమ్మల మీద బతికే ఆర్కిడ్లు, కింద పుట్టగొడుగులు. పడమటి కనుమల్లో కనిపించే వాతావరణం ఆ పై భాగంలో చిన్న ముక్కగా మిగిలింది. పావురం అందుకే ఉంది. కానీ అక్కడి అడవిని మనుషులు ఎప్పుడో తోటగా మార్చేశారు. యూకలిప్టస్ లాంటి పరదేశపు చెట్లు నాటారు, వాటి కింద కాఫీ మొక్కలు పెట్టారు. పచ్చిక ఉన్న చోట రోజూ ఊడుస్తారు.

వాలు కిందికి దిగేకొద్దీ అంతా మారిపోతుంది. ఎండ కొట్టే బండల ముఖాన మట్టి నిలవదు, ముళ్లపొదలే బతుకుతాయి. అది మీ బుల్‌బుల్ ఇల్లు. రెండు బండల మధ్య వంక ఉన్న చోట మట్టి చేరుతుంది, తడి నిలుస్తుంది, నీడ వస్తుంది, ఆకులు రాలి అక్కడే పడి ఉంటాయి. ఆ ఆకుల పొరలో చీమలు, చెదలు, సాలీళ్లు, పురుగులు, గొంగళ్లు. శీను గారి పిట్ట ఆకులు తిప్పి తినేది వాటినే. తలపైన చెట్టు ఎంత ఎత్తుందో దానికి పట్టదు, కాళ్ల కింద ఏముందో అదే ముఖ్యం. యూకలిప్టస్ ఆకు త్వరగా కుళ్లదు, దానిలో నూనె ఎక్కువ, పురుగులు తక్కువ చేరతాయి. కాబట్టి పైన ఎంత పచ్చగా కనిపించినా, ఊడ్చిన పచ్చికలో గానీ ఉట్టి యూకలిప్టస్ కింద గానీ ఈ పిట్టకు తిండి లేదు. ఊడ్వని కాఫీ పొదల మూలల్లో వినిపిస్తే మాత్రం నేను ఆశ్చర్యపోను.

గూడు కూడా నేల మీదే కడుతుంది. ఆకులు, పుల్లలతో బంతిలా కట్టి పక్కన దారి పెడుతుంది. వాలులో అయితే ఆ దారి ఎక్కువగా దిగువ వైపు ఉంటుంది. చూసినా ఎండుటాకుల కుప్పే అనుకుంటాం, తొక్కేస్తాం కూడా. అందుకే మెట్ల దారి వదిలి షార్ట్‌కట్‌లు తొక్కే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండడుగులు కలిసొస్తాయని వంకలోకి దిగుతారు.

తోకపిట్ట | సోమవారం రాత్రి 10:10

మాష్టారూ, ఒకటి కలుపుతాను. దీని రెక్కలు పొట్టివి, గుండ్రటివి, ఎక్కువ దూరం ఎగరదు, వలస పోదు. నంది కొండ చుట్టూ ద్రాక్ష తోటలు, రోడ్లు, కొత్త లేఅవుట్లు. ఒక వంకలో అడుగు పొదలు పోతే అక్కడి జంట అవన్నీ దాటి ఇంకో అడవి వెతుక్కోలేదు. పావురమైతే లేచి పోతుంది.

పెన్నా తీరం | మంగళవారం ఉదయం 7:10

నిప్పు సంగతి కూడా రాయండి. ఎండాకాలం మొదట్లో ఆ కొండల వాలు మీద గడ్డి తగలబడటం నేను హైవే మీద నుంచే చూశాను. చెట్టు బతికి బయటపడినా కింద ఆకుల పొర మొత్తం పోతుంది కదా.

మదనపల్లె మాష్టారు | మంగళవారం ఉదయం 7:45

అదే అసలు దెబ్బ. చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి చూసేవాడికి అడవి బాగానే ఉందనిపిస్తుంది. మళ్లీ ఆకు రాలి పొర కట్టాలి, పురుగు చేరాలి. ఆలోపు వానలొస్తాయి, పిట్ట గూడు పెట్టే సమయం వచ్చేస్తుంది. మంట వెళ్లిన చోట ముందు లంటానా పొద లేస్తుంది. దాని నీడలో ఈ పిట్ట దాక్కుంటుంది, నిజమే. అలాగని లంటానా మంచిదని రాయను, అది కింద ఇంకేదీ మొలవనివ్వదు, మళ్లీ ఎండాకాలానికి అదే కట్టెలపోగు.

హిందూపురం బుల్లోడు | మంగళవారం ఉదయం 8:20

కోతుల్ని మర్చిపోయారు! పైన టూరిస్టులు వేసే చిప్స్, బన్నులు తిని మందలు పెరిగిపోయాయి. కోతికి గుడ్లు దొరికితే వదులుతుందా? నేల మీద గూడంటే కుక్కలు కూడా చేరతాయి. చిప్స్ ప్యాకెట్‌కీ ఈ పిట్టకీ సంబంధం ఏంటని నవ్వుతారు గానీ, ఉంది.

చిత్తూరు చిన్నది | మంగళవారం ఉదయం 11:05

ఈ పాట నేను తలకోనలో విన్నాను! జలపాతానికి వెళ్లే దారిలో, పొదల్లో. ఇన్నాళ్లూ అదేంటో తెలియదు. మా పెద్దమ్మకు "ఇటు రావే, ఇటు రావే" అని వినిపించేది.

తోకపిట్ట | మంగళవారం ఉదయం 11:30

తలకోన సరిగ్గా దానికి తగిన చోటే. తూర్పు కనుమల్లో నీడ, తడి, ఆకుల పొర ఉన్న లోయలన్నిటినీ చెవిపెట్టి వినండి. మన దగ్గర దీన్ని చూసినవాళ్ల కంటే విని వదిలేసినవాళ్లే ఎక్కువ.

సర్జాపూర్ శీను | మంగళవారం రాత్రి 8:15

అందరికీ థాంక్స్. చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో పఫ్-థ్రోటెడ్ బాబ్లర్ అని ఎంట్రీ చేసి, కత్తిరించిన ఆడియో పెట్టాను. కోడింగ్ కోయిల చెప్పినట్టు గాలి ఉన్న భాగం తీసేశాను. "వంక, ఎండుటాకులు, నేల మీద, జంట" అని నోట్ కూడా రాశాను.

ఒక ఆశ కొద్దీ అడుగుతున్నా. మా అపార్ట్‌మెంట్ వెనక కానుగ, వేప, నేరేడు చెట్లు గుబురుగా ఉన్నాయి. సెక్యూరిటీ వాళ్లు రోజూ ఆకులు ఊడ్చి కాలుస్తారు. అది ఆపితే ఇలాంటి పిట్ట వస్తుందా?

తోకపిట్ట | మంగళవారం రాత్రి 8:50

ఈ పిట్ట రాదు శీను గారూ, రావడానికి దారే లేదని పైన రాశాను కదా. కానీ ఆకులు ఉంచండి. అక్టోబర్‌లో పొన్నంగి పిట్ట, అదేనండి ఇండియన్ పిట్టా, వలసలో అలసిపోయి బెంగళూరు అపార్ట్‌మెంట్లలో దిగుతుంటుంది. ఆరెంజ్-హెడెడ్ థ్రష్, ఇండియన్ బ్లూ రాబిన్ కూడా చలికాలం అటూ ఇటూ పోతూ ఇలాంటి చీకటి మూలల్లో ఆగుతాయి. మూడూ నేల మీద ఆకులు తిప్పి తినేవే. గ్రానైట్ పలకల మీద దిగితే వాటికి ఏం దొరుకుతుంది?

యలహంక రావు | మంగళవారం రాత్రి 9:10

ఆకులు ఉంచితే పాములొస్తాయని అసోసియేషన్ మీటింగ్‌లో పెద్ద గొడవ అవుతుంది. నేను సెక్రటరీగా చేసినవాణ్ణి, చెప్తున్నా వినండి.

మదనపల్లె మాష్టారు | మంగళవారం రాత్రి 9:35

పాము ఆకు కోసం రాదు రావు గారూ, ఎలుక కోసం వస్తుంది. ఎలుక చెత్తకుండీ కోసం వస్తుంది. ముందు తడిచెత్త డబ్బాకు మూత పెట్టించండి. నడిచే దారి, పిల్లలు ఆడే చోటు రోజూ ఊడ్వండి, ఎవరూ కాదనరు. గోడ పక్కన, చెట్ల మొదళ్ల దగ్గర ఒక పట్టీ మాత్రం వదిలేసి, చుట్టూ రాళ్లు పేర్చి "ఇక్కడ ఎరువు తయారవుతోంది" అని బోర్డు పెట్టండి. పిట్టల కోసం అంటే మీటింగ్‌లో నవ్వుతారు, ఎరువు అంటే సంతకాలు పెడతారు. ఆకులు కాల్చడం బెంగళూరులో ఎలాగూ నిషేధమే, ఆ మాట మాత్రం సెక్యూరిటీ కుర్రాడితో కాకుండా కమిటీతోనే అనండి. పాపం అతను చెప్పిన పని చేస్తాడు.

సర్జాపూర్ శీను | మంగళవారం రాత్రి 9:52

బోర్డు ఐడియా అదిరింది మాష్టారూ. శనివారం మీటింగ్ ఉంది. రావు గారూ, సెక్రటరీ అనుభవం ఉంది కాబట్టి ఆ లెటర్ ఎలా రాయాలో కాస్త చెప్పండి.

యలహంక రావు | మంగళవారం రాత్రి 10:03

రాసిస్తాను. మెయింటెనెన్స్ ఖర్చు తగ్గుతుందని మొదటి లైన్‌లోనే ఉండాలి. నంది కొండ మీద విజిలింగ్ థ్రష్ కూడా ఉందని మాత్రం ఎవరూ మర్చిపోకండి, ఈ నెలలోనే వెళ్లి రికార్డు చేసుకొస్తా, ఏరోప్లేన్ మోడ్‌లో.